బెత్తెడు దూరంలో ముత్యం

మా దుకాణానికి వచ్చినవాళ్లు ముత్యం వైపు చూసేవారు కాదు, మా బాపు కళ్లద్దాల వైపు చూసేవారు. చార్మినార్ పక్క సందులో, లావుపాటి గిరాకీ ఒకరు నిలబడితే మిగతా బజారుకు గాలి ఆడనంత దుకాణం మాది. ఎవరైనా దండ తెచ్చి "ఇది అసలుదేనా?" అని గల్లా ముందు పెడితే, బాపు రెండు వేళ్లతో కళ్లద్దాలు నుదుటి మీదికి తోసేవాడు. ముత్యాన్ని ఒట్టి కంటికి బెత్తెడు దూరం దాకా తెచ్చి నెమ్మదిగా తిప్పేవాడు. ఆ కాసేపు సందులో ఆటోలు హారన్ కొట్టడం మానేసేవి. నమ్మకపోతే మీ ఇష్టం. "అసలుదే" అని అద్దాలు ముక్కు మీదికి దించాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదు.

బాపుకూ నాకూ ఒకటే జబ్బు, దూరం ఆనేది కాదు. మైనస్ తొమ్మిది. పది అడుగుల అవతల ఉన్నది మేకో మా మామగారో అద్దాల్లేకుండా నేను చెప్పలేకపోయేవాణ్ణి. కానీ అద్దాలు తీసేస్తే, బెత్తెడు దూరంలో మా ఇద్దరికీ వేరే లోకం తెరుచుకునేది. రంగు వేసిన ముత్యమైతే రంధ్రం అంచున రంగు పేరుకుని కనిపించేది. నకిలీదైతే అక్కడ పొర పెచ్చులూడి ఉండేది. మంచిదైతే లోపలెక్కడో దీపం పెట్టినట్టు ఒక మెరుపు. మా బజారులో దాన్ని 'ఆబ్' అంటారు. పొద్దున దుకాణం తెరిచి దీపం పెట్టగానే బాపు ఒక ముత్యం చూసి, "ఆబ్ చూడురా" అని నా చేతిలో పెట్టేవాడు. నా చదువంతా అదే. ఆ చూపును నేను జబ్బు అనుకున్నాను గానీ ఆస్తి అనుకోలేదు.

ఒక రంజాన్ సాయంత్రం గాజుల సందులో ఎవరిదో మోచెయ్యి తగిలి నా అద్దాలు కిందపడ్డాయి. వెతుక్కుందామని నేల మీద చతికిలబడితే, ఏదో చవగ్గా అమ్ముతున్నారనుకుని నలుగురు నా పక్కన కూర్చున్నారు. అద్దాల మీదుగా ఊరు ఊరంతా నడిచిపోయింది. తడుముకుంటూ మొఘల్‌పురా చేరి, ఇంట్లో కూర్చుని చెప్పులు విప్పి మజ్జిగ అడిగాను. మజ్జిగ వచ్చింది, తాగాను. రెండో గ్లాసు అడిగినప్పుడు ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

"ఇస్త అన్నా, గని మీ ఇల్లు పక్కది."

నలభై నాలుగేళ్ల వయసులో అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఇక ముక్కు మీద అద్దం ఉండకూడదని.

కళ్లకు లేజరు ఆపరేషన్ అన్న మాట పేపర్లలో అప్పుడప్పుడే మోగుతున్న రోజులవి. చేయించుకోవాలా వద్దా అన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. ఎక్కడ చేయించుకోవాలన్నదే నా ప్రశ్న. పెళ్లికి పట్టుచీరలు ఎంచినట్టు ఆసుపత్రులు ఎంచాను. నగరంలో నేను ఎక్కని మెట్లు లేవు. గోడ మీది అక్షరాల పట్టీ నిద్రలో కూడా అప్పజెప్పగలిగేవాణ్ణి. పుట్టింది బజారులో, పెరిగింది బేరంలో. సరుకు ఎంచడం నాకెవరు నేర్పాలి? అలా వడగట్టగా చివరికి రెండు మిగిలాయి.

మొదటిది మూసీ అవతల. చెక్క బల్లలు, నీరసంగా తిరిగే పంకా. డాక్టరు పెద్దావిడ, కోస్తా వైపు మాట. నా కళ్లు చూశాక అడిగింది.

"ఏం పని చేస్తారండీ?"

"బిజినెస్ మేడం."

"ఏం బిజినెస్?"

"ముత్యాలు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ముత్యం ఎలా చూస్తారో ఒకసారి చూపిస్తారా?"

నేను జేబులో ముత్యాల పొట్లం లేకుండా స్నానానికి కూడా వెళ్లను. అద్దాలు నుదుటి మీదికి తోసి, బెత్తెడు దూరంలో ముత్యం పట్టి, అచ్చం బాపులాగే తిప్పి చూపించాను. చప్పట్లు కొడుతుందనుకున్నాను.

"ఇది పోతుందండీ," అంది. "దూరం శుభ్రంగా కనపడుతుంది. కానీ ఈ దగ్గరి చూపు పోతుంది, మళ్లీ రాదు. నేనైతే మీకు చెయ్యను. అంతగా కావాలంటే కాంటాక్ట్ లెన్సులు ఇస్తాను, రెండు వారాలు పెట్టుకుని దుకాణంలో కూర్చోండి. ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది. అప్పుడు రండి."

మా బజారులో అమ్మేవాడు తన సరుకు తనే వద్దన్నాడంటే రెండే కారణాలు. మంచి సరుకు వేరేవాళ్ల కోసం దాచి ఉండాలి, లేదా ధర పెంచడానికి నాటకమాడుతూ ఉండాలి. ఇన్నేళ్లు నేను ఆడిన నాటకం నాకు తెలియదా? కాబట్టి లేచాను. నమస్కారం పెట్టి గుమ్మం దాకా నడిచి, అక్కడ నెమ్మదించాను. మా దగ్గర అసలు బేరం మొదలయ్యేది గుమ్మం దగ్గరే. "అరె, ఆగండి భాయ్" అన్న పిలుపు కోసం చెప్పులు వేసుకోవడానికి పట్టే సమయాన్ని పెళ్లికూతురి అలంకారమంత సాగదీశాను.

వెనకనుంచి పిలుపు వచ్చింది. "నెక్స్ట్!"

రెండో చోట తివాచీ, చల్లటి గాలి, బాదం పాలు. టై కట్టుకున్న కుర్రాడొకడు గుమ్మం దాకా నా వెంటపడ్డాడు, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు, ధర తగ్గించాడు. ప్రాణం లేచొచ్చింది. ఇదీ దుకాణమంటే! "నలభై దాటినోళ్లకి దగ్గరికి అద్దాలు పడతయి సర్, అది అందరికీ ఉండేదే," అని కూడా అన్నాడు. వాళ్ల తప్పేమీ లేదు. నా చెవులు 'అందరికీ ఉండేదే' దగ్గర తెరుచుకున్నాయి. నేను ఏం పని చేస్తానని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. నా ఆపరేషన్ అయ్యాకే బాపుకు తెలిసింది.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. దుకాణంలో కూర్చుని చార్మినార్ గడియారం ముళ్లు చూసి టైమ్ చెప్పాను. బజారంతా మెచ్చుకుంది. ఆ గడియారం నమ్ముకుని బతికేవాడు మా సందులో ఒక్కడూ లేడనుకోండి.

తరువాత యాకుత్‌పురా నుంచి ఒక ముసలావిడ తన తల్లి నాటి ముత్యాల దండ తెచ్చింది. బాపు భోజనానికి వెళ్లాడు. నా రెండు వేళ్లు నుదుటి దగ్గరికి వెళ్లి, అక్కడేమీ దొరక్క గాలిని తోశాయి. ముత్యాన్ని బెత్తెడు దూరానికి తెచ్చాను. పొగమంచు. వెనక్కి జరిపాను. ఇంకా జరిపాను. చెయ్యి అయిపోయేదాకా మంచు విడలేదు. విడిన చోట ముత్యం ఆవగింజంత ఉంది.

"క్యా బేటా, అసలీచ్ హై నా?" అంది ఆవిడ.

సొరుగులోంచి భూతద్దం తీశాను. ఆవిడ ముఖం వాడిపోయింది. "ఆప్ కే బావా తో ఐసా నై దేఖ్‌తే థే," మీ బాపు ఇలా చూసేవాడు కాదే అంటూ దండ మెల్లగా తన వైపు లాక్కుంది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన బాపు నా చేతిలో భూతద్దం చూశాడు, నా ముక్కు చూశాడు. "ఇటియ్యి" అని ముత్యం తీసుకుని, తన అద్దాలు పైకి తోశాడు.

ఆ తరువాత భూతద్దం, దగ్గరి అద్దాలు అన్నీ పెట్టి చూశాను. రంధ్రం అంచు కనిపించింది, పెచ్చులూ కనిపించాయి. లోపలి దీపం కనిపించలేదు. గిరాకీలు నా ముందు కూర్చుని బాపు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. పొద్దున ముత్యం నా చేతిలో పెట్టడం బాపు తనే మానేశాడు.

కొన్నేళ్లకు బాపు కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఈసారి ఎంచడానికి నాకు ధైర్యం లేదు. నేరుగా మూసీ అవతలి చెక్క బల్లల దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"మీరు ముత్యాలాయన కదూ? లెన్సులు పెట్టుకుని చూడమన్నాను, మళ్లీ రాలేదు?"

బాపు నా వైపు తిరిగాడు. "ఏందిరా, ఈ అమ్మ ముందే చెప్పిందా నీకు?"

"చెప్పింది బాపు. మంచి సరుకు దాచనీకో, ధర పెంచనీకో అంటుందనుకున్న. గుమ్మం దాంక పోయిన. పిలుస్తదనుకున్న."

"గుమ్మం దాంకనా!" బాపు బల్ల కదిలేలా నవ్వాడు. "అరె పాగల్, డాక్టరమ్మతోని బేరమా? జాకెట్ గుడ్డ అనుకున్నవా?" నవ్వి, నవ్వి, ఆగిపోయాడు. నా భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఉంచాడు.

శుక్లం తీసి పెట్టే లెన్సు దూరానికైనా పెట్టొచ్చు, దగ్గరికైనా పెట్టొచ్చు, ఏది కావాలని అడిగిందావిడ.

"దగ్గరిదే ఉంచు తల్లీ," అన్నాడు బాపు. "దూరం సంగతి మావోడు చూస్కుంటడు."

బాపు మళ్లీ గల్లా దగ్గర కూర్చున్నాడు. బెత్తెడు కాస్తా జానెడైందని సణుగుతాడు గానీ, అద్దాలు నుదుటి మీదికి వెళ్తూనే ఉన్నాయి. నేను గుమ్మం దగ్గర కూర్చుని సందు మొగలో వచ్చే గిరాకీని అందరికంటే ముందు చూస్తాను. వెనక్కి తిరిగితే ముత్యాన్ని చూస్తున్న బాపు ముఖం కనిపిస్తుంది, ముడతలతో సహా, చాలా స్పష్టంగా.

మొన్న కొత్త సరుకు విప్పుతూ ఒకదాని దగ్గర ఆగిపోయాడు. ముఖమంతా వెలిగింది.

"ఆబ్ చూడురా, ఆబ్!" అని ముత్యం పట్టుకున్న చెయ్యి నా వైపు చాచాడు. నేను లేవబోయాను. అప్పటికి గుర్తొచ్చినట్టుంది, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.