డుబావ్‌ల పోయిండు

మా ఆయన పనిచేసేది మిలిటరీ బండ్ల కార్ఖానాలో. పోలీసు యాక్షన్ అయిన రెండు మూడేళ్లకు చేరాడు. అక్కడ ఏం చేస్తావంటే "పని" అనేవాడు. ఇంట్లో చెప్పకూడదట. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఏం, నేను పోయి నాంపల్లి స్టేషన్లో దండోరా వేస్తానా? నాకు తెలిసిందల్లా ఆయన గోళ్ల కింద ఇరుక్కునే నల్లటి మైనం ముద్ద, సబ్బుకు లొంగని దాని వాసన.

మేముండేది నాంపల్లిలో కిరాయి ఇల్లు. నేను అబిడ్స్‌లో ఒక దర్జీ దుకాణంలో కోట్లకు గుండీలు కుట్టేదాన్ని. ఒకనాడు సాయంత్రం ఆయనతో పనిచేసే మనిషి ఆ దుకాణం మెట్ల దగ్గరికి వచ్చాడు. రైలు అందుకోవాలన్న తొందరలో లోపలికి కూడా రాలేదు.

"వదినా, అన్న డుబావ్‌ల పోయిండు. ఇగ రాడు, ఎదురు చూడకు," అని చెప్పి స్టేషన్ దిక్కు ఉరికాడు.

డుబావ్ అంటే మనిషి మునిగేంత లోతు నీళ్లు. చాదర్‌ఘాట్‌లో పుట్టి మూసీని చూస్తూ పెరిగిన నాకు ఆ మాట కొత్త కాదు. పోయిండు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. చేతిలో ఉన్న కోటుకు మిగిలిన గుండీలు కుట్టాను. దారం కొరికాను. కోటు మేస్త్రీకి ఇచ్చి, ఇంటికి నడిచి వచ్చి, అత్తకు చెప్పాను. ఆమె ఏడుపుకు వాడంతా వచ్చింది.

మామ కార్ఖానా గేటు దాకా వెళ్లాడు. లోపలి సంగతులు బయటికి చెప్పేది లేదని పహరా మనిషి తరిమేశాడట. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఆకలీ కాలేదు. తెల్లవారాక మెడలో పుస్తెలతాడు బరువనిపించింది. తీసి అత్త చేతిలో పెట్టాను.

"ఏందే గిది? పదోనాటి దాక ఆగవా? శవమన్న రాలే గద."

"ఎప్పుడన్న తీసేదే గద అత్తా," అన్నాను.

పొద్దు నెత్తి మీదికి వచ్చాక ఆయన వచ్చాడు. ఒళ్లంతా పొగ కంపు. వాకిట్లో జనాన్ని చూసి నిలబడిపోయాడు.

"ఎవరు పోయిన్రు?"

"నువ్వే," అన్నాను.

అప్పుడు చెప్పాడు, ఇన్నాళ్ల మిలిటరీ రహస్యాన్ని వాడంతా వినేలా. కార్ఖానాలో డుబావ్ అంటే ఒక పరీక్ష పేరట. యుద్ధ ట్యాంకు లోతైన నీళ్లు దాటాలంటే దాని సందులన్నీ ఆ మైనంతో మూస్తారు. ఇంజన్ పొగ నీళ్ల పైకి పోయేలా వెనక పొడవాటి రేకు గొట్టం నిలబెడతారు. నిన్న మూసి, రాత్రంతా అక్కడే ఉండి ఆరనిచ్చి, పొద్దున చెరువులో దింపారు. ఎక్కడైనా కారుతుందేమో చూడడానికి ఈయన లోపల కూర్చున్నాడు. శత్రువుకు కనబడకుండా వెనక తగిలించే పొగ డబ్బాలనూ అప్పుడే అంటించి చూశారు.

"తెల్లటి పొగ చెరువంత కమ్మింది. గట్టు కనవడలే. పొగ పోయేదాక నీళ్ల నడుమనే ఆపిన్రు. లోపల చీకటి, బయట నీళ్ల సప్పుడు. గని లోపలికి ఒక్క చుక్క రాలే," అన్నాడు. ఆ గర్వం చూడాలి.

"నీ పెండ్లానికి గూడ గంతే," అంది అత్త. "నువ్వు పోయినవంటే దాని కండ్లల్ల ఒక్క చుక్క రాలే."

ఆయన నా వైపు తిరిగాడు. బోసి మెడ అప్పుడే చూశాడు. నాకు సంతోషం కూడా కలగలేదు. మనిషి ఎదురుగా ఉన్నాడు, చూస్తున్నాను, అంతే. ఇంకో కోటు చేతికిస్తే దానికీ గుండీలు కుట్టి ఉండేదాన్ని.

తీసిన పుస్తె మళ్లీ ఆయన చేత్తోనే కట్టించాలన్నారు పెద్దవాళ్లు. ఆయనకు తలస్నానం చేయించి, పసుపు రాసిన కొత్త దారానికి పుస్తెలు గుచ్చి ఇచ్చారు. ఆయన నా వెనక వచ్చి నిలబడ్డాడు. ఎంత తోమినా పోని ఆ మైనం వాసన మెడ దగ్గరికి వచ్చింది. ఎన్నిసార్లు విసుక్కున్నానో ఆ వాసనకు.

"గట్టిగ కట్టు," అన్నాను.

"నీళ్లు రాకుండనా?" అన్నాడు మెల్లగా.

అప్పుడొచ్చింది ఏడుపు. ముడి పడేదాకా కూడా ఆగలేదు.