ఒప్పందంలో ఒక్క మాట కోసం కరీంనగర్‌కు

ఉదయం ఆరున్నరకు ఖానాపూర్‌లో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చింది. ప్రభుత్వంవాళ్లు ఒక గల్ఫ్ దేశంతో వ్యాపార ఒప్పందం చేసుకునే ముందు రైతులను, వ్యాపారులను, వలస పోయినవాళ్ల కుటుంబాలను అడిగి తెలుసుకుంటామని కరీంనగర్‌లో సమావేశం పెట్టారు. మా చర్చి పాస్టరుగారు నన్ను వెళ్లి మాట్లాడమన్నారు. మా ఆయన సామ్యేలు ఆ దేశంలోనే పనిచేస్తున్నాడు. పాస్‌పోర్టు కంపెనీవాళ్లు దగ్గర పెట్టుకున్నారు. నాలుగేళ్లయింది, ఇంటికి రాలేదు.

మెట్‌పల్లి వైపు పొలాల్లో పసుపు తవ్వుతున్నారు. మాకూ అరెకరం పసుపుంది. సామ్యేలు ఇక్కడున్నప్పుడు, పసుపు తవ్వే ఈ రోజుల్లో ఆయన చొక్కాలు ఎంత ఉతికినా పచ్చగానే ఉండేవి. పెట్టెలో ఉన్నవి ఇప్పుడు తెల్లగా ఉన్నాయి.

జగిత్యాలలో బస్సు మారాను. వెనక సీట్లో పసుపు వ్యాపారి మల్లేశం. ఆయనా సమావేశానికే. నేనేం అడగబోతున్నానో చెప్పాను.

"ఒప్పందమైతే పసుపుకు సుంకం తగ్గుతది చెల్లె, నీకూ రేటొస్తది. పాస్‌పోర్టుల ముచ్చట తీస్తే ఆ దేశమోళ్లు సంతకం పెట్టరు. జర ఆలోచించు" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. కరీంనగర్‌లో దిగి, బస్టాండు బయట ఇడ్లీ తిని హాలుకు నడిచాను.

హాల్లో వ్యాపారులు మాట్లాడేసరికే మధ్యాహ్నమైంది. పప్పన్నం పెట్టారు. భోజనాలయ్యాక నన్ను పిలిచారు. లేచి ముందుకు వెళ్లాను.

"మేడం, పసుపు పోవాలె, వద్దంటలేను. గని పనికి పోయినోళ్ల పాస్‌పోర్టు వాళ్ల దగ్గర్నే ఉండాలని గా కాయితంల రాయుండ్రి."

"అది కార్మికుల ఒప్పందంలో ఉంటుందమ్మా. ఇది సరుకుల గురించి" అంది హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారిణి.

"గా ఒప్పందం ఉండంగనే మా ఆయన వస్తలేడు మేడం."

ఆమె పెన్ను పట్టుకొని నా వైపు చూసింది. "ఈ షరతు వల్ల మొత్తం ఆగిపోతే?"

"ఆగనియుండ్రి. పసుపు మళ్లేడు పండుతది. మా బిడ్డకు తండ్రి ఫోన్లనే తెలుసు."

ఆమె రాసుకుంది. పైకి పంపుతానంది, అంతకుమించి మాట ఇవ్వలేనంది.

బయట మల్లేశం ఎదురొచ్చాడు. "ఒప్పందం ఆగితే నేను మునుగుత చెల్లె. అయినా నువ్వడిగింది తప్పంటలే" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మూడున్నరకు తిరుగు బస్సు. వెళ్లినందుకు ఏం సాధించానో చెప్పలేను. చెప్పవలసింది మాత్రం చెప్పి వచ్చాను. చీకటి పడకముందే సామ్యేలు వీడియో కాల్ చేశాడు. జరిగిందంతా చెప్పాను.

"గిప్పుడు ఏడున్నవ్?" అన్నాడు అంతా విని.

"గోదావరి వంతెన మీద."

"ఫోను జర కిటికీల పెట్టు."

పెట్టాను. వంతెన దాటింది, నది వెనకబడింది, రోడ్డు పక్కన చెట్లు మసకబడ్డాయి. ఆయన ఫోన్ పెట్టేయలేదు. ఖానాపూర్ వచ్చేదాకా అట్లాగే పట్టుకొని కూర్చున్నాను.