రోడ్డు దాటిన రేడియో

ఆదోనిలో మైక్‌సెట్ చోటే సాబ్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. డెబ్బై తొమ్మిదిలో ఆ కోపమంతా పత్తి లారీల మీద. అంగట్లో రేడియోకు హారన్ స్పీకరు తగిలించి సందంతా పాటలు వినిపించేవాడు. రోడ్డవతల వీధి చివర టీ హోటలు నడిపే గఫూర్ సాబ్ తనకూ ఒక హారన్ కావాలన్నాడు. వైరు లాగిన ప్రతిసారీ, ఎత్తుగా పత్తి బోరాలు వేసుకొచ్చిన లారీ ఏదో ఒకటి దాన్ని తెంపుకుపోయేది.

"థూ! వైరే లేకుండా దాటిస్తా సూడు," అన్నాడు చోటే సాబ్.

అవతల రోడ్డు పక్కనే బసమ్మ మిద్దె. దాని మీద తన హారన్‌కు ఎదురుగా ఒక మైకు నిలబెట్టినాడు. ఇవతలి పాట గాలిలో రోడ్డు దాటి ఆ మైకులో పడితే, ఇంకో యాంప్లిఫయర్ దాన్ని అందుకొని హోటలు హారన్‌లో పలికిస్తుంది.

సాయంత్రం వార్తలకు హోటలు నిండింది. చోటే సాబ్ మీసం దువ్వుకున్నాడు. అప్పుడే బసమ్మ ఎండిన మిరపకాయలు ఎత్తేదానికి మిద్దెక్కింది. ఢిల్లీ వార్తల నడుమ హోటలు హారన్ ఉరిమింది: "ఓ ఈరన్న నాయనా! యాడ కూలబడినావు? రొట్టెలు సల్లారిపోతాండాయి!"

బసమ్మ మొగుడు, ఈరన్న తండ్రి మల్లన్న టీ గ్లాసు వదిలేసి ఇంటికి పరుగెత్తినాడు. హోటలంతా గొల్లుమంది. సిగ్గుతో చోటే సాబ్ మైకు తీసేయబోతే బసమ్మ అడ్డం నిలబడింది.

"ముట్టుకుంటే సూడు! పెండ్లయినప్పటి నుంచి నా మాట ఆయప్ప చెవిన పడలే. ఈ పొద్దు పడింది."

మరుసటి సాయంత్రం వీధి ఆడోళ్లంతా ఆ మిద్దె మీదే ఉన్నారు. హోటల్లో బెంచీలు ఖాళీ. గఫూర్ సాబ్ లబోదిబోమంటూ వచ్చినాడు.

"భాయ్, నీకు దండం పెడతా, ఆ మైకు తీసెయ్."

"లారీవోళ్లతో అయితే కొట్లాడతా," అన్నాడు చోటే సాబ్. "బసమ్మను మాత్రం నువ్వే పోయి అడుగు."