గోడ మీది ఆకుపచ్చ చుక్కలు

మిత్రులారా, బోధన్‌లో మన రీడింగ్ రూమ్ గోడ మీది ఆకుపచ్చ చుక్కలన్నిటికీ ఎర్రరంగు పూసింది నేనే. ఎవరో ఆకతాయిల పని అని మీలో కొందరు అనుకుంటున్నారు. కాదు. ఆ బొమ్మ గీసిన మా ఫిజిక్స్ మేడం గురువారం తెల్లవారుజామున నిజామాబాద్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆమె చివరిసారి చూసుకున్నది నేను పాడుచేసిన గోడనే.

మేడం జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. డిచ్‌పల్లి క్యాంపస్‌లో చదివే తన పాత విద్యార్థినితో కలిసి, క్వాంటం కంప్యూటర్లలో వచ్చే తప్పులను దిద్దే ఏర్పాట్ల మీద పనిచేసేవారు. ఇంట్లో టేబుల్ చాలడం లేదని మన గోడ అడిగారు. చెరకు ట్రాక్టర్లు పోయే రోడ్డు పక్కన కుర్చీ ఎక్కి, ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు పెట్టి, వాటిని నల్లని గీతలతో కలిపేవారు.

"గివేం సాలెగూళ్లు మేడం?" అని ఒక డ్రైవర్ బండి ఆపి అడిగాడు.

"మంచిగ పట్టినవ్. మేం గూడ ఒక్కో చుక్కను సాలీడనే అంటం," అని ఆమె నవ్వారు.

ఆ యంత్రంలో దాచిన సమాచారం మహా సున్నితం. ఏముందో అని తొంగిచూస్తే చెడిపోతుంది. అందుకని దాన్ని కొన్ని భాగాలకు పంచి, పక్కపక్కవి పొసగుతున్నాయా లేదా అని మాత్రమే అడుగుతారు. పొసగని చోట తప్పు దొరుకుతుంది. ఈ ఏర్పాటునంతా పేజీల లెక్కలతో కాక బొమ్మగా గీసి, నియమాల ప్రకారం కుదించుకుంటూ పోవడం మేడం పద్ధతి. చివరికి ఒక్క గీత మిగిలితే, లోపల వేసింది చెక్కుచెదరకుండా బయటికి వచ్చినట్టు రుజువు. "గీత ఎంతన్న వంచు, ఏం గాదు. ఏది దేనితోని కలిసిందో గదే ముఖ్యం," అనేవారు.

మన సభల కోసం నేను రాసే కరపత్రాలు కూడా ఆమే చదివిపెట్టేవారు, ఆకుపచ్చ పెన్నుతో.

"గిండ్ల అందరు నీలెక్కనే మాట్లాడుతున్నరేందిరా? కాదనేటోడు ఒక్కడన్న లేడా?"

"కాదనేటోళ్లు శత్రువులు మేడం."

"అయితే నేను గూడ శత్రువునే. చాయ్ తాగిపో మరి."

తాగేవాణ్ని. ఒళ్లు మండుతూనే తాగేవాణ్ని.

ఆమె ఆసుపత్రిలో చేరాక వానలకు బొమ్మ వెలిసిపోయింది. దిద్దుతానని నేనే ముందుకొచ్చాను. చేతిలో మన సభకు తెచ్చిన ఎర్రరంగు డబ్బా ఉంది. పచ్చది తేవచ్చు, తేలేదు. ఆ చుక్కల్లో నాకు ఆ పెన్నే కనబడింది. ఒకే రంగు, ఒకే మాట అనుకుంటూ అన్నీ పూసేశాను.

మధ్యలో ఒకరోజు మేడం ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ గోడ ముందు ఆటో ఆపించారు. దిగలేకపోయారు, నన్నే దగ్గరికి పిలిచారు.

"ఒక్క రంగు చుక్కలు కలిస్తే ఒక్కటే చుక్క అయితది బిడ్డా. గిప్పుడు నా గోడ మీద ఉన్నది ఒక్కటే చుక్క. తప్పయితే పట్టేటోడు ఎవడు?"

"ఎర్రరంగుల ఏం తప్పుంది మేడం?" అని అరిచాను. నడిరోడ్డు మీద, జబ్బు మనిషి మీద.

"ఎర్రది తప్పు గాదురా. ఎర్రదొక్కటే ఉండుడు తప్పు. రేపు జర పచ్చ డబ్బా తే."

నేను తేలేదు. ఆమె మళ్లీ ఆసుపత్రికి పోయేదాకా ఆ వీధిలోకే పోలేదు.

సమాధి దగ్గర ఆ డిచ్‌పల్లి విద్యార్థిని నన్ను పక్కకు పిలిచింది. మేడం ఆఖరుగా చేసిన మార్పులు గోడ మీదే ఉన్నాయట, తన దగ్గర కూడా లేవట.

"గీతలు తెంపినవా అన్నా?"

"లేదు చెల్లె. రంగే."

"అయితే మేడం పని బతికే ఉంది. సగం దాక కుదించినం. రంగులు తెలిస్తే మిగిలింది నేను చేస్త."

తిరిగొచ్చి ఒక చుక్కను గోరుతో గీకి చూశాను. పైపొర లేచింది.

మిత్రులారా, ఆదివారం పొద్దున పదకొండు గంటలకు గోడ దగ్గరికి రండి. మేడం చర్చి నుంచి వచ్చేవాళ్లకూ ఆ వేళ కుదురుతుంది. మనం గీకుదాం, పూద్దాం. చెల్లె సుద్దముక్కతో ఒక్కో మెట్టూ కుదిస్తుంది. ఎక్కడ తప్పనిపించినా ఆపండి, కాదనండి. నన్ను తిట్టదలచినవాళ్లు ముందే రండి. పచ్చ డబ్బా గోడ కింద పెట్టాను, మూత తీయలేదు. డబ్బాకు సరిగ్గా పైన, గోడ మీది అంత ఎరుపు మధ్యలో, నా గోరంత మేర పచ్చగా కనబడుతోంది. అక్కణ్నుంచి మొదలుపెడదాం. ఆదివారం, పదకొండింటికి.