గడువు దాటిన పదకొండో రోజు

పానా తన చేతిలోకి ఎప్పుడు వచ్చిందో మిథ్కాల్‌కే తెలియదు. మొదటి దెబ్బకు కార్ల షాపు కౌంటరు మీది అద్దం భళ్లున పగిలింది. రెండో దెబ్బ మేనేజరు రకాన్ తల మీద పడవలసింది. మధ్యలోకి దూసుకొచ్చిన మెకానిక్ షతీవీ మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. మరుక్షణం నలుగురు పనివాళ్లు మిథ్కాల్‌ను నూనె మరకల నేల మీద పడదోసి బూటుకాళ్లతో కుమ్మారు. పోలీసులు వచ్చి విడదీసేసరికి అతని రెండు పళ్లు నేల మీద ఉన్నాయి.

అతను పుట్టుకతో కొట్లాటగాడు కాడు. సైన్యంలో ఇరవై ఏళ్లు లారీ నడిపి, ఒక్క శిక్షా లేకుండా రిటైరయ్యాడు. పింఛను నలుగురు పిల్లలకు చాలక, అప్పు చేసి హైబ్రిడ్ కారు కొన్నాడు. తన ఊరు జర్ఖా నుంచి రాజధాని అమ్మాన్‌కు రోజూ నాలుగు విడతలు మనుషులను చేరవేసేవాడు. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉందన్న ధైర్యమే అతని చేత ఆ కారు కొనిపించింది. గడువు ముగిసిన పదకొండో రోజున, నడిరోడ్డు మీద బ్యాటరీ చచ్చిపోయింది.

"ఏం బాబాయ్, ఇవాళ కాఫీకా, గొడవకా?" అని షాపులోకి వచ్చిన అతన్ని పలకరించాడు రకాన్.

"బ్యాటరీకి. గడువులో ఉండగానే రెండుసార్లు తెచ్చాను. ఎర్ర లైటు ఆర్పేసి పంపేశావు."

"ఆరిందిగా! ఇప్పుడు పోయింది వేరే సంగతి. వెయ్యిన్నూట యాభై దీనార్లు కట్టు. లేదంటే గాడిదను కొనుక్కో, దానికి బ్యాటరీ అక్కర్లేదు."

పనివాళ్లు పగలబడి నవ్వారు. పానా లేచింది అప్పుడే.

ఎముక విరిగిందంటే అది ఇద్దరి మధ్య తగాదాగా మిగలదు. ఆ సాయంత్రమే షతీవీ తమ్ముళ్లు మిథ్కాల్ ఇంటి మీదికి కర్రలతో వచ్చి, ఏ పాపమూ ఎరుగని అతని తమ్ముడి భుజం విరగ్గొట్టి, కిటికీలన్నీ పగలగొట్టి వెళ్లారు. పెద్దలు పరుగెత్తి మూడు రోజుల సంధి తెచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం మిథ్కాల్ పెదనాన్న హాజీ ముత్లక్ అతన్నీ మరో ఇరవై మందినీ వెంటబెట్టుకొని షతీవీ ఇంటికి వెళ్లాడు. ఎదుట పెట్టిన కాఫీని ముట్టలేదు. అడగవచ్చిన రాజీ దక్కేదాకా ముట్టకపోవడం ఆచారం. ముట్టకుండా లేచాడంటే మళ్లీ కర్రలే.

"మీ ముఖం చూసి మావాడి చెయ్యి మరిచిపోతాం," అన్నాడు షతీవీ తండ్రి. "ఒక్కటే మాట. ఆ షాపు మీద బ్యాటరీ కోసం మీవాడు దావా వేయకూడదు. మావాడి కూడు అక్కడే ఉంది."

షతీవీ కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని మిథ్కాల్ వైపు తిరిగాడు.

"రెండుసార్లూ నీ కారు చూసింది నేనే అన్నా. బ్యాటరీ పోతోందని పనికాగితంలో రాశాను. తారీకులతో సహా. ఆ రోజు నీకిద్దామనే ఆ కాగితం పట్టుకుని లోపలికొచ్చా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా?"

మడత పెట్టిన కాగితాన్ని షతీవీ జేబులోంచి తీశాడు. ఏ న్యాయస్థానంలో చూపినా కొత్త బ్యాటరీ రాక తప్పదు. మిథ్కాల్ చెయ్యి దానికేసి లేచింది. గోడవతల షతీవీ తమ్ముళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. కాఫీ మీద ఆవిరి ఆగిపోయింది. ముత్లక్ అతనికేసి చూస్తున్నాడు.

లేచిన చేతి పిడికిలి బిగించి మిథ్కాల్ తన తొడ మీదే గుద్దుకున్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"తాగు, పెదనాన్నా," అన్నాడు.

ముత్లక్ కాఫీ తాగాడు. షతీవీ కాగితం అంచును పళ్ల మధ్య బిగించి, బాగున్న చేత్తో నిలువునా చింపాడు. ఇక ఆచారం ప్రకారం కొట్టినవాడు దెబ్బ తిన్నవాడి తల ముద్దుపెట్టుకోవాలి. మిథ్కాల్ లేచి అతని దగ్గరకు నడిచాడు.