కాలువలో వదిలిన డిస్కులు

ఆళ్లగడ్డ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట మేము నడిపిన టైపింగు షాపు మూతపడ్డాక అందులో సామానంతా నంద్యాలలో మా అమ్మాయి ఇంటికి చేరింది. మూడు మానిటర్లు, ఐదు సీపీయూ పెట్టెలు, రెండు ప్రింటర్లు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, ఒక గోనెసంచి నిండా వైర్లు. ఆరేళ్లు అవి వెనక గదిలోనే ఉన్నాయి. ప్రతి దసరాకు నేను వాటికి బొట్టు పెట్టేదాన్ని. నడవని యంత్రాలకు పూజేమిటని అమ్మాయి నవ్వేది. నడిచినన్నాళ్లూ అన్నం పెట్టాయి కదా అనేదాన్ని.

ఈ ఏడు ఆ గది అమ్మాయికి కావలసి వచ్చింది. కుట్టుపని పెరిగి ఇంకో రెండు మిషన్లు వేయాలనుకుంది.

"అమ్మా, ఎర్రగడ్డల బండాయన వస్తాండాడు. పాత సామాన్లకి ఎర్రగడ్డలిస్తాడు. అంతా ఏసేద్దాం."

వేసేద్దామనే అన్నాను. అయితే బండి వచ్చేలోపు ఐదు పెట్టెలూ విప్పి, లోపలి హార్డ్ డిస్కులు తీసి పక్కన పెట్టుకున్నాను. మా ఆయన దస్తావేజులు రాసేవాడు, నేను టైపు చేసేదాన్ని. రిజిస్టరు అయిన కాగితాలను మళ్లీ మా దగ్గరికే తెచ్చి స్కాన్ చేయించుకునేవాళ్లు. ఇల్లు కాలినా, చెదలు పట్టినా, అన్నదమ్ములు కాగితం దాచేసినా వచ్చి అడిగితే కాపీ తీసి ఇచ్చేదాన్ని. అందుకని ఏ ఏటికి ఆ ఏడు విడిగా ఉంచి, ప్రతి డిస్కు మీదా తెల్ల రంగుతో సంవత్సరం రాశాను. భూముల హద్దులు, ఆధార్ కాపీలు, ఫోటోలు, బొటనవేలి ముద్రలు అన్నీ వాటిలోనే ఉన్నాయి.

ఆ మధ్య బ్యాంకులో నా ముందు నిలబడిన ఒకామె గుండెలు బాదుకుని ఏడ్చింది. తాను వేలు పెట్టకుండానే తన వేలితో ఎవరో డబ్బు తీశారట. కాగితం మీది ముద్రను చూసి రబ్బరు వేలు తయారు చేస్తారని వరుసలో ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆ ఐదు డిస్కులూ నా కడుపులో రాళ్లలా ఉన్నాయి.

"సుత్తి తీసుకోని నాలుగు దెబ్బలెయ్, పోతాది" అంది అమ్మాయి.

నాకు చేతులు రాలేదు. అక్షరమున్న కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగాను. లక్షల అక్షరాలున్న వస్తువును ఎట్లా కొట్టేది? పాతబడిన దేవుడి పటాలను ఏం చేస్తామో అదే చేశాను. ఐదింటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్ర రవికెగుడ్డలో మూటకట్టి, ఒక శుక్రవారం పొద్దున ఆటోలో పోయి కేసీ కాలువలో వదిలాను. కాలువ నిండుగా పారుతోంది. మూట ఒక్క బుడగ తేల్చి మునిగింది. దండం పెట్టి ఇంటికి వచ్చాను. పెట్టెలకూ మానిటర్లకూ వచ్చిన ఉల్లిగడ్డలతో ఆ రోజు పులుసు చేసుకున్నాం.

రెండు నెలలు నిమ్మళంగా ఉన్నాను. ఒకరోజు అన్నం తింటూ అమ్మాయి మామూలుగా అంది.

"కాలవకి నీళ్లు ఆపేసినారంట. మట్టమంతా బయటపడిందంట."

ముద్ద కంచంలోనే పెట్టేశాను. నీళ్లలో వేస్తే పోయిందనే అనుకున్నాను తప్ప ఆ నీళ్లకూ ఒక గడువుందని నాకు తట్టలేదు. లెక్కలు, తేదీలు తప్పనిదాన్నని పేరు తెచ్చుకున్న నేను, ఏటా కాలువ ఎప్పుడు కట్టేస్తారో లెక్క వేసుకోలేదు.

తెల్లారగానే పోయాను. కాలువ అడుగున బురద ఎండి బీటలు పడుతోంది. పటాల చట్రాలు, కలశం చెంబులు, పగిలిన బొమ్మలు బయటపడి ఉన్నాయి. ఒక మొగుడూ పెళ్లాం తాడుకు అయస్కాంతం కట్టి నీటిగుంటల్లో ఈడుస్తున్నారు. చిల్లర డబ్బులూ ఇనుమూ ఏరుకునేవాళ్లు. గట్టు మీద వాళ్ల గోనె పరిచి ఉంది. దాని చివర, మిగతా సామానుకు ఎడంగా, నా ఎర్రగుడ్డ కనిపించింది.

"ఏం పెద్దమ్మా, ఉంగరం పారేసుకున్యావా?" అన్నాడతను.

"లేదప్పా. ఆ ఎర్రగుడ్డ మూట నాది."

భార్య తాడు వదిలేసి పకపకా నవ్వింది. "నువ్వేనా తల్లీ! పసుపూ కుంకమా చూసి ఎవురో చేతబడి చేసినారని ఈ మొగోడు గట్టెక్కి కూచున్యాడు. ముట్టుకోడంట, నన్నూ ముట్టుకోనీడంట. నేనే కట్టెతో ఇప్పినా."

"నీకేం, నువ్వే పెద్ద దయ్యం. నీకేమైతాదిలే" అన్నాడతను.

నేను గుడ్డ విప్పి చూశాను. తుప్పు, బురద. రంగుతో రాసిన సంవత్సరాలు మాత్రం చెరగలేదు. నాలుగే ఉన్నాయి.

"ఇంకోటి ఏదప్పా?"

"ప్లాస్టిక్ కవర్లో ఉన్నదా? ఆయప్ప తీస్కపోయినాడు. మోటర్ సైకిల్ మీద వస్తాడు, పాత కంప్యూటర్ సామాన్లు కొంటాడు. ఇవి తుప్పు పట్టినాయి వద్దన్యాడు. అదొక్కటే నీళ్లు తగల్లేదని తీస్కపాయ."

"యాడి మనిషి?"

"ఏమో పెద్దమ్మా. కర్నూలో, కడపో. మళ్లీ ఎప్పుడొస్తాడో ఏమో."

గట్టు మీదే కూర్చున్నాను. అందరూ ఎక్కువగా కాపీలు అడిగిన డిస్కని, పెట్టెలోంచి తీసిన రోజే దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి రబ్బరు బ్యాండు వేశాను. మూట కట్టేటప్పుడు పసుపు కవరు మీదనే రాశాను. నా జాగ్రత్తే దాన్ని తడవకుండా కాపాడింది. అతని భార్య నీళ్ల సీసా తెచ్చిచ్చి, "అందులో బంగారముండిందా తల్లీ?" అంది. నాలుగు డిస్కులూ మళ్లీ మూటకట్టుకుని లేచాను.

మోటర్ సైకిల్ మనిషి తీసుకుపోయింది కృష్ణా పుష్కరాలు వచ్చిన ఏటి డిస్కు. ఇంటికి పోకుండానే ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాలుగు డిస్కులూ ఒళ్లో పెట్టుకుని, ఆ ఏడు మా షాపుకు వచ్చినవాళ్లను గుర్తు చేసుకుంటూ పోయాను. దొర్నిపాడు అక్కచెల్లెళ్లు భాగం పంచుకున్నది ఆ ఏడే. ఒక రిటైరయిన కండక్టరు ఇల్లు కొన్నాడు. అందరికంటే ముందు కళ్లముందుకు వచ్చింది ఆళ్లగడ్డలోని మా స్నేహితురాలు. ఆమె భర్త రాతి విగ్రహాలు చెక్కేవాడు. అతను పోయాక ఉన్న ఒక్క స్థలమూ అమ్మింది. ఆ డబ్బే బ్యాంకులో ఉంది. దాని మీదే ఆమె బతుకు. ఆ కాగితం టైపు చేసింది నేను, ఆమె వేలు పట్టుకుని సిరాలో అద్దించింది మా ఆయన. బస్సులో వెనక సీటు మనిషి ఫోను మోగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను. ఈపాటికి ఎక్కడో ఒక గదిలో ఎవడో దాన్ని వైరుకు తగిలించి చూస్తున్నాడనే అనిపించింది.

ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందక్కా, ఫోన్ కూడా చెయ్యకుండా వచ్చినావు? ఎవురికేమైంది?"

"నీ వేలిముద్ర పరాయివాళ్ల చేతిలో పడింది."

ఆమె తన బొటనవేలు ఎత్తి చూసుకుంది. "ఈడనే ఉండాదే!" అని నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. కూర్చుని అంతా చెప్పాను. చివరికి అడిగింది.

"అంటే నా దుడ్లు పోయినాయా?"

"తెలీదు."

"లెక్కల మనిషివి గదా అక్కా నువ్వు. మాకందరికీ బుద్ధులు చెప్తివి. దీన్ని తీస్కపోయి గంగమ్మకు అప్పజెప్పినావా?"

"అక్షరాలు కదమ్మా. సుత్తితో ఎట్లా కొట్టేది?"

"బాగుండాది. మా ఇంటాయన బతుకంతా దేవుళ్లనే కొట్టినాడు. ముక్కు మీద కొట్టినాడు, కంటి మీద కొట్టినాడు. ఏ దేవుడన్నా ఏమన్యాడా? తే ఇట్ల."

లోపలికి పోయి ఉలీ సుత్తీ తెచ్చింది. ఆయన పోయినా వాటికి నూనె రాసి ఉంచింది. మొదటి డిస్కును వాకిట్లో మిగిలిన రాతి దిమ్మె మీద పెట్టి ఒక్క దెబ్బ వేసింది. మూత వంగింది. రెండో దెబ్బకు లోపల అద్దంలా మెరిసే పళ్లెం బయటపడింది. నేను కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరువక్కా. ఈసారన్నా చూసుకో."

మిగతావి నేనే కొట్టాను. మొదటి దెబ్బ వేసేముందు మనసులో క్షమించమని అడిగాను. నాలుగో దానికి వచ్చేసరికి అడగడం మరిచిపోయాను. కానీ ప్రతి దెబ్బకూ నాకు గుర్తొచ్చింది చేతికి దొరకని ఆ అయిదోదే.

బ్యాంకుకు నడిచి పోయాం. దారిలో ఆమె నా చెయ్యి వదల్లేదు. కౌంటరులో అబ్బాయి పాస్‌బుక్కు తీసుకుని మిషనులో పెట్టాడు. అది అచ్చువేస్తున్న శబ్దం అయిపోయేదాకా మేమిద్దరం మిషను వైపే చూస్తూ నిలబడ్డాం.

"అంతా ఉండాది పెద్దమ్మా. ఎవురూ తియ్యల్యా."

ఆమె కౌంటరు అంచు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఇంకముందు కూడా తియ్యకుండా ఏం చెయ్యాలి నాయనా?" అని నేనడిగాను.

"వేలిముద్రతో తీసేది ఆపమని అర్జీ ఇయ్యాల. ఆపేస్తాం. పింఛను ఇంటికాడ ఇచ్చేది వేరే, దానికేం కాదు."

అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని అర్జీ రాశాను. ఖాతా నంబరు రెండుసార్లు సరిచూశాను. తేదీ వేశాను. సంతకం చోట ఏం చేయాలని అడిగితే, అతను సిరా డబ్బా మా వైపు జరిపాడు.

"వేలిముద్ర ఎయ్యమను."

నేను అతని మొహంలోకి చూశాను. అతను తమాషా చేయడం లేదు. ఆమెకు సంతకం రాదు, వేరే దారి లేదు. బొటనవేలు అద్ది, కాగితం మీద నిండుగా ఒత్తి, మిగిలిన సిరా తలకు తుడుచుకుంది. గీతలన్నీ ఒక్కటి కూడా చెదరకుండా, మా షాపులో పడ్డప్పటికంటే చక్కగా పడ్డాయి. అతను ఆ కాగితాన్ని టేబుల్ మీద పరిచి, జేబులోంచి సొంత ఫోను తీసి, ఫోటో కొట్టాడు.

"అదేంది నాయనా?"

"పై ఆఫీసుకు పంపాల పెద్దమ్మా. స్కానరు పని చేస్తాండల్యా."

"పంపినాక నీ ఫోన్లోంచి తీసేస్తావా?"

"తీసేస్తాలే."

"నా ముందర తీసెయ్."

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. అతను నవ్వి, పంపి, ఫోను నా వైపు తిప్పి ఫోటో తీసేసి చూపించాడు. కంప్యూటర్ల దగ్గర బతికినదాన్ని. తీసేసింది ఎంతవరకు పోతుందో నాకు తెలుసు. అయినా తల ఊపాను.

బయట మెట్ల మీద ఆమె చెప్పులు తొడుక్కుంటూ అడిగింది.

"ఇంక భయం లేదు గదా అక్కా?"

లేదన్నాను. ఆ అక్కచెల్లెళ్లున్న దొర్నిపాడుకు ఆటోలు ఎక్కడ ఆగుతాయని అడిగాను.