వలిసెల నూనె మీద నడిచిన బండి

ఆ రోజుల్లో ఉద్యోగం రాగానే ముందు పెళ్లి చేసుకోవాలో, బండి కొనుక్కోవాలో కుర్రాళ్లకు తేలేది కాదు. నేను బండి కొన్నాను. తొంభైల్లో గుమ్మలక్ష్మీపురం పైన ఒక కొండ ఊరికి నన్ను మాస్టారుగా వేశారు. పార్వతీపురంలో మోజుపడి కొన్న ఆ పాత రేసు బండి వయసులో నాకంటే పెద్దది, ఇంజను మాత్రం ఏభై సీసీలే. హ్యాండిలు ఎంత కిందికి ఉండేదంటే ట్యాంకు మీద బోర్లా పడుకుని నడపాలి. (అలా పడుకుని గాలిని చీల్చుకుంటూ నేను ఎత్తు ఎక్కుతుంటే, నెత్తిన చీపురుకట్టలతో సంతకు నడిచే ఆడవాళ్లు నన్ను దాటిపోయేవారు.) పైగా పెట్రోల్లో ఆయిలు కలిపితే గాని కదలదు.

నన్ను పెంచింది అమ్మమ్మ. కొండ మీద వీడు తిండి తినడం లేదని ఆవిడకు ఒకటే దిగులు. సెలవులకు వెళ్తే నేను స్టాండు వెయ్యకముందే, "తిన్నావా నేదా? ఆ డొక్కలు సూడు, ఎలాగున్నాయో!" అనేది. తిన్నానంటే నమ్మేది కాదు. నేను బండి గొప్పలు చెప్పుకుపోతుంటే గారెలు తెచ్చి నోరు మూయించేది.

ఒక ఉదయం సంత జీపు డ్రైవరు కబురు తెచ్చాడు. అమ్మమ్మ పార్వతీపురం ఆసుపత్రిలో ఉందట, నా పేరే కలవరిస్తోందట. ఆ జీపు మళ్లీ కిందికి దిగేది సాయంత్రమే. బండి తీశాను. పెట్రోలుంది, ఆయిలు చుక్క లేదు. పూర్వం రేసు బళ్లలో ఆముదం పోసేవారని ఎక్కడో చదివిన పండితుణ్ణి కదా, నేను అద్దెకున్న ఇంటి అవ్వను ఆముదం అడిగాను.

"ఆమిదం నేదు మేస్టారూ, వలిసెల నూనుంది. పండక్కని దాసినాను. ఇదే పోస్కో, బేగి ఎల్లు," అని, కొండ మీద పిండివంటలకు వాడే ఆ గింజల నూనె సీసా మొత్తం చేతిలో పెట్టింది.

బండి కదిలింది. వెనక తెల్లటి పొగ, ఆ పొగలో గారెలు వేగుతున్న వాసన! దారిలో ప్రతి ఊరి కుక్కా నన్ను పొలిమేర దాకా సాగనంపింది. టీ బడ్డీ ఆయన బయటికొచ్చి, "ఎవులింట్లో పెళ్లి బాబూ?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. రెండు మలుపులు తిరిగాక బండి ఆగిపోయింది. ప్లగ్గు విప్పడం, చొక్కా కొసతో తుడవడం, కాస్త దూరం పోవడం, మళ్లీ ఆగడం. పార్వతీపురం ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి నా కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ పడలేదు.

అమ్మమ్మ కళ్లు తెరవడం లేదు, పిలిస్తే పలకడం లేదని పిన్ని ఏడుస్తూ చెప్పింది. నేను మంచం మీదికి వంగి "అమ్మమ్మా" అన్నాను. ముందు ఆవిడ ముక్కు కదిలింది.

"గారెల వాసన... తిన్నావేట్రా?"

"తిన్నానే. మా ఇంటి అవ్వ వండిపెట్టింది. కడుపు నిండా తిన్నాను."

"అయితే నాకు బెంగ నేదు," అంది. నా మాట ఆవిడ నమ్మింది ఆ ఒక్కసారే. చీకటి పడకముందే వెళ్లిపోయింది.

తరవాత మెకానిక్కు ఇంజను విప్పి, "ఏటి పోసినారండీ దీన్లో?" అని నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు నాకు డొక్కలు కనబడవు, పొట్ట కనబడుతుంది. నూనె వస్తువులు డాక్టరు మానిపించాడు. అయినా ఏ ఇంట్లోనైనా గారెలు వేగుతుంటే, ట్యాంకు మీద బోర్లా పడుకుని ఏడుస్తూ ఘాటీ దిగుతున్న ఆ బక్కవాడు కళ్లముందుకు వస్తాడు. వాణ్ని ఆపి రెండు గారెలు పెట్టాలనిపిస్తుంది.